మలుపొస్తోంది, ఎడమకి! పిల్లలతో అరకు ప్రయాణం

గురువారం, రాజమండ్రి నుంచి విశాఖకి

మా చిన్నికి ఆరేళ్ళు. కారు పడదు, వాంతులవుతాయి. ఎక్కిన అరగంటకి వాగుడు ఆపేస్తుంది, ఆ తర్వాత మా అందరి చూపూ దాని మొహం మీదే. ఈ కారణంతోనే కొండల వైపు ప్రయాణాలన్నీ ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చాం. ఈ చలికాలం మాత్రం అత్తయ్య గారు అరకు చూసి తీరాలన్నారు. చంకలో తొమ్మిది నెలల బుజ్జిగాడు కూడా ఉన్నాడు. సరే, ఇక తప్పదనుకున్నాం.

బయల్దేరే ముందు పిల్లల డాక్టరు గారిని కలిశాం. ఆయన మొదట తేల్చేసిన సంగతి, ఇది కడుపు జబ్బు కాదని. చెవి లోపలి భాగంలో సన్నటి గొట్టాలుంటాయి. వాటిలోని ద్రవం కదిలితే మనం కదులుతున్నామని మెదడుకి తెలుస్తుంది. కారు వెనక సీట్లో కూర్చున్న పిల్లకి కళ్ళ ముందు కనపడేది ముందు సీటు వీపు. అది కదలదు. చెవి కదులుతున్నామంటుంది, కన్ను లేదంటుంది. ఈ తగువు తేలక వికారం పుడుతుంది. కడుపు చివర్లో బలైపోయేదే తప్ప మొదలుపెట్టేది కాదు. రెండేళ్ళు దాటాక మొదలై, పన్నెండేళ్ళ దాకా ఎక్కువగా ఉండి, తర్వాత చాలామందిలో తగ్గుతుందట. ఇంట్లో ఎవరికైనా పార్శ్వనొప్పి, అంటే మైగ్రేన్ ఉంటే పిల్లలకి ఇది వచ్చే అవకాశం ఎక్కువట. మా అమ్మకి ఆ నొప్పి ఉంది, నాకూ ఉంది. అత్తయ్య గారు అది విని నా వైపు ఓ చూపు చూశారు.

కాబట్టి ఈసారి ఏర్పాట్లన్నీ కన్ను చుట్టూ చేశాం. బూస్టరు సీటు వేసి చిన్నిని వెనక సీట్లో మధ్యన కూర్చోబెట్టాం. ఎత్తు పెరిగింది గనక రెండు ముందు సీట్ల మధ్యలోంచి రోడ్డు నేరుగా కనపడుతుంది. భుజం మీదుగా వచ్చే బెల్టు మధ్య సీటుకీ ఉన్న బండినే అద్దెకి మాట్లాడాం. "ముందు సీట్లో కూర్చోబెట్టెయ్యమ్మా, గాలి తగుల్తుంది" అని అత్తయ్య గారు అన్నారు గానీ, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అంత చిన్న పిల్లకి అదే ప్రమాదం. పదమూడేళ్ళు వచ్చేదాకా వెనక సీటే మేలు.

డ్రైవరు మా గోదావరి కుర్రాడే. ఎక్కగానే కారులో గుప్పున మల్లెపూల వాసన కొట్టింది. డ్యాష్‌బోర్డు మీద ఓ ప్లాస్టిక్ డబ్బా, అద్దానికి ఇంకోటి.

"తమ్ముడూ, ఈ సెంటు డబ్బాలు తీసి డిక్కీలో పడేస్తావా? పాపకి పడదు."

"ఆయ్, అలాగేనండి. మరి దేవుడి దండో?"

దండ ఉంచాం. దేవుడితో తగువెందుకు.

మాకు నచ్చిన షరతు ఇంకోటి ఉంది. విశాఖ చేరేదాకా కారులో ఎవరూ పాపకి ఫోను ఇవ్వకూడదు. పుస్తకమూ వద్దు. ఫోను చూస్తున్నంతసేపు కన్ను ఓ చిన్న చోటకే అతుక్కుపోతుంది, బండి మాత్రం కుదుపుతూనే ఉంటుంది. ఆ తగువే వస్తుంది మళ్ళీ. ఏడుపు ఆపడానికి ఫోను చేతిలో పెట్టి, పావుగంట తర్వాత సీటు కడుక్కునే వాళ్ళని మా చుట్టాల్లోనే బోలెడు మందిని చూశాను.

పదహారో నంబరు హైవే తిన్నగా ఉంటుంది, బ్రేకులు తక్కువ. అన్నవరంలో ఆగి దర్శనం చేసుకున్నాం. అక్కడి ప్రసాదం ఆకు దొన్నెలో, నెయ్యి కారుతూ. చిన్ని చేయి చాపింది. రెండు వేళ్ళంత పెట్టి మిగతాది కట్టేశాను. నెయ్యి, నూనె, వేపుళ్ళు ప్రయాణంలో కడుపులో ఎక్కువసేపు కూర్చుంటాయి. అలాగని పస్తు పెట్టకూడదు. అత్తయ్య గారి సిద్ధాంతం "కడుపులో ఏమీ లేకపోతే ఏం కక్కుతుందమ్మా?" అని. ఖాళీ కడుపుతో పసరు కక్కుతుంది అత్తయ్యా, గొంతు మండి ఇంకా ఏడుస్తుంది అన్నాను. మరమరాలు, ఉప్పు బిస్కట్లు, కొంచెం కొంచెంగా నీళ్ళు, అంతే.

తుని దాటాక చిన్నికి నిద్ర పట్టింది. అనకాపల్లి దగ్గర ట్రాఫిక్‌లో లేచింది. చీకటి పడకముందే వదిన గారింట్లో దిగాం. ఇవాళ్టికి వాంతి కవరు ముట్టుకోలేదు.

శుక్రవారం, కొండ మీదికి రైల్లో

పొద్దున్నే కిరండూల్ రైలు. మా ఆయన, డ్రైవరు, సామానూ కారులో ఘాట్ ఎక్కుతారు. నేనూ పిల్లలూ అత్తయ్య గారూ రైల్లో. ఈ విడదీత వెనక లెక్క ఉంది. మనిషిని బాగా తిప్పేసేది నెమ్మదిగా, అయిదు సెకన్లకోసారి అటూ ఇటూ ఊగే ఊపు. పడవలో ఉండేది, ఘాట్‌రోడ్డు మలుపుల్లో కారుకి వచ్చేది ఇదే. రైలు పట్టాలని అంత ఇరుకుగా వంచలేరు గనక, ఎంత కొండైనా మలుపు మెల్లగా తిరుగుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో వేసిన లైను ఇది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. అందులో సీట్లు గుండ్రంగా తిరుగుతాయి. పిల్లలున్న వాళ్ళకి ఇందులో అద్దాల కంటే ఆ సీట్లే పనికొస్తాయి. రైలు పోయే దిక్కుకి సీటు తిప్పుకుని కూర్చోబెట్టాను. వెనక్కి మొహం పెట్టి కూర్చుంటే ఏ మలుపు వస్తోందో కంటికి ముందుగా తెలియదు.

శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ మొదలయింది. సొరంగాలు. ఈ లైను మీద 58 ఉన్నాయని చెబుతారు. మొదటి దాంట్లోకి పోగానే పెట్టెలోని పిల్లలందరూ కేకలు. చిన్ని కూడా అరిచింది. మూడోదానికి ఊపిరి బిగపట్టి ఎంతసేపు ఉండగలదో చూసుకోవడం మొదలుపెట్టింది. త్యాడ దగ్గర ఒక పొడుగాటి సొరంగంలో ఓడిపోయి దగ్గింది. వాంతి సంగతే దానికి గుర్తు రాలేదు. మనసు మళ్ళించడం కూడా ఒక మందే. పాటలైనా సరే, కనపడిన మేకల్ని లెక్కపెట్టడమైనా సరే. మాటిమాటికీ "తిప్పుతోందా అమ్మా? తిప్పుతోందా?" అని అడిగితే మాత్రం తిప్పని పిల్లకి కూడా తిప్పుతుంది. అత్తయ్య గారిని ఈ విషయంలో ఆపడం నా వల్ల కాలేదు.

బుజ్జిగాడు? వాడికి ఇవేం పట్టవు. ఏడాది లోపు పిల్లలకి ప్రయాణపు వికారం దాదాపుగా రాదు. నడక రాని వాడు ఇంకా కంటిని నమ్ముకుని నిలబడటం నేర్చుకోలేదు, అందుకే కన్నూ చెవీ తగువాడుకోవని ఒక వివరణ. కొండెక్కేటప్పుడు చెవులు గుయ్యిమని మూసుకుపోతే మాత్రం ఏడ్చాడు. పాలు పట్టాను. గుటక వేస్తే చెవి తెరుచుకుంటుంది. రైల్లో ఉన్నాం గనక కుదిరింది. కారులో అయితే బండి ఆపే పట్టాలి, నడుస్తున్న బండిలో బిడ్డని సీటులోంచి తీయకూడదు.

శిమిలిగూడ స్టేషను వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ ఎత్తు. చలిగాలి. అత్తయ్య గారు శాలువా కప్పుకుని, సంచీలోంచి ఓ చిన్న సీసా తీశారు. అల్లం రసం, తేనె. చిన్ని నాలిక మీద ఓ చెంచా వేశారు, నేనేమీ అనలేదు. అల్లం వికారానికి కొంత పనిచేస్తుందని డాక్టరు గారూ కాదనలేదు. అదే చెంచా బుజ్జిగాడి వైపు పోయేసరికి చటాక్కున చేయి అడ్డం పెట్టాను. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండే బొట్యులిజం క్రిమి బీజాలు పెద్దవాళ్ళని ఏమీ చేయవు గానీ పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. "మీ ఆయనకి పుట్టిన రోజునే నాకించాను" అన్నారు అత్తయ్య గారు. ఆ మాటకి నేను జవాబివ్వలేదు. సీసా నా సంచీలోకి మారింది.

అరకు స్టేషన్లో దిగితే ఆయన ఎదురొచ్చారు. మొహం పచ్చగా ఉంది. అనంతగిరి ఘాట్ మొత్తం వెనక సీట్లో కూర్చుని ఆఫీసు మెయిళ్ళు చూసుకున్నారట. "గాలికొండ దగ్గర ఆపించేశారండీ సారు" అన్నాడు డ్రైవరు, నవ్వాపుకుంటూ. చిన్ని వాళ్ళ నాన్న చేతికి నిమ్మాకు ఇచ్చింది.

శనివారం, అరకు, బొర్రా

పొద్దున హోటల్లో పూరీ, నూనె తేలే కూర. బొర్రాకి వెళ్ళే రోజు కాబట్టి చిన్నికి రెండు ఇడ్లీలు విడిగా చేయించాను. అరగంట ఆగి కదిలాం.

అరకు నుంచి బొర్రాకి ముప్పయ్యారు కిలోమీటర్లుంటుంది, అంతా మెలికలే. నాకు ఈ యాత్రలో అసలు పరీక్ష ఇదే. బయల్దేరే ముందు డ్రైవరుతో పావుగంట మాట్లాడాను. వాంతులున్న పిల్లకి మందెంత ముఖ్యమో డ్రైవరంత ముఖ్యం. మలుపులోకి పోయాక బ్రేకు వేస్తే బండి రెండు వైపులకీ ఒకేసారి లాగుతుంది. మలుపుకి ముందే నెమ్మదించి, మధ్యలో బ్రేకు ముట్టుకోకుండా, బయటికొచ్చాక మెల్లగా వేగం పెంచాలి. లారీ వెనకే అంటుకుని ఆగుతూ కదులుతూ పోకూడదు. వెనక దూరం వదిలెయ్యాలి.

"ఆయ్, మనకేం తొందరండీ" అన్నాడు. నిజంగానే తొందరపడలేదు. గంటకి నలభై దాటలేదు.

బండి నడిపేవాడికి మామూలుగా ఎందుకు తిప్పదో గమనించారా? ఏ క్షణాన ఎటు తిప్పబోతున్నాడో వాడి మెదడుకి ముందే తెలుసు. పైగా ఎడమ మలుపు రాగానే తల తనకి తెలియకుండానే ఎడమకి వాలుతుంది. మనం కూర్చున్న వాళ్ళం కుడికి పడతాం. ఈ కిటుకు చిన్నికి ఆటగా నేర్పాను. అది కండక్టరు. రోడ్డు చూస్తూ "మలుపొస్తోంది, ఎడమకి!" అని అరవాలి, అందరూ తలలు ఎడమకి వంచాలి. అత్తయ్య గారు మొదట మూతి ముడిచి, నాలుగో మలుపు నుంచి అందరికంటే గట్టిగా వంగారు. డ్రైవరు "రైట్ రైట్" అంటూ తాళం.

అంతా సాఫీగా పోయిందంటే అబద్ధమే. అనంతగిరి దిగువన కాఫీ తోటల దగ్గర ఆట ఆగిపోయింది. చిన్ని అరవడం మానేసింది. నేను ఆ మౌనాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. పై పెదవి మీద చెమట. వరుసగా రెండు ఆవలింతలు. "అమ్మా, కడుపు నొప్పి" అంది. ఈ వయసు పిల్లలకి వికారం అని చెప్పడం రాదు. కడుపు నొప్పంటారు, లేకపోతే ఊరికే పేచీ పెడతారు. ఇంకా చిన్నవాళ్ళయితే నోట్లోంచి చొంగ కారుతుంది, కాళ్ళు తన్నుకుంటారు. ఆ ముక్క వినగానే బండి ఆపించాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే" అన్న మాట అక్కడ పనిచేయదు.

చోటు చూసి ఆపాడు. దించి, మిరియపు తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద నడిపించాను. తడిగుడ్డ మెడ వెనక పెట్టాను. దూరంగా కనపడే కొండ అంచుని చూడమన్నాను. నేలా చూపూ రెండూ కదలకుండా ఉంటే చెవి సర్దుకుంటుంది. పది నిమిషాలకి మొహంలోకి రంగొచ్చింది. ఎండు ఉసిరికాయ ముక్క చప్పరించింది. పులుపు వికారాన్ని ఆపుతుందో లేదో నాకు పట్టింపు లేదు, నోట్లో ఊరే నీళ్ళని అది మింగిస్తుంది. నాలుగేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం గట్టి బిళ్ళలు, ముక్కలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

బొర్రా గుహల్లో మెట్లు, తడి, గబ్బిలాల వాసన. అన్ని మెట్లూ ఎక్కి దిగినా చిన్నికి ఏమీ కాలేదు. పద్మాపురం తోటలో సాయంత్రం తనకి తానే గిరగిరా తిరిగి పడిపోయి నవ్వింది, మళ్ళీ తిరిగింది. సొంత కాళ్ళ మీద తిరిగితే ఏమీ కానిది, కారు తిప్పితే మాత్రం పడదు.

రాత్రి బొంగులో చికెన్ తిన్నాం, పెద్దవాళ్ళం మాత్రమే.

ఆదివారం, పాడేరు ఘాట్ మీదుగా ఇంటికి

అరకు నుంచి పాడేరు, అక్కణ్ణుంచి ఘాట్ దిగి వడ్డాది, చోడవరం, అనకాపల్లి. ఈ రోజుకి మందు వేశాం. ఆ మందు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంట్లో విరేచనాలప్పుడు వాడిన ఒండాన్సెట్రాన్ సిరప్ ఉంది, అది వెయ్యొచ్చా అని డాక్టరు గారిని అడిగాను. పొట్టలో ఇన్ఫెక్షన్‌తో వచ్చే వాంతులకి అది బాగుంటుంది గానీ ప్రయాణపు వాంతులకి పెద్దగా పనిచేయదన్నారు. దీనికి వాడేవి అవోమిన్ లాంటి ప్రోమెథజైన్ రకం మందులు. అవి రెండేళ్ళ లోపు పిల్లలకి బొత్తిగా ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళ మాత్రని విరిచి అర ముక్కో పావు ముక్కో వెయ్యడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం, అదీ తప్పే. బరువుని బట్టి మోతాదు డాక్టరే రాయాలి. కొందరు పిల్లలకి ఈ మందుతో నిద్ర రావడానికి బదులు తిక్క రేగి చిందులేస్తారట. అందుకని సెలవు రోజున ఇంట్లోనే ఒకసారి వేసి చూడమన్నారు. మా చిన్ని మత్తుగా పడుకుంది. బండి కదలడానికి ముందే వెయ్యాలి, వాంతి మొదలయ్యాక వేస్తే అది మందుతో సహా బయటికొస్తుంది.

సరంజామా కారులో ఇలా సర్దాను. చేతికి అందే చోట బిర్యానీ పార్సిలు డబ్బాలు, మూత బిగుసుకునేవి. కవర్ల కంటే ఇవే నయం. కవరులో కంటికి కనపడని చిల్లి ఒక్కటున్నా ఒళ్ళంతా అవుతుంది. కవర్లు వాడేవాళ్ళు ముందురోజే వాటిలో నీళ్ళు పోసి చూసుకోండి. ఒక జత బట్టలు నా సీటు కిందే ఉన్నాయి, పెట్టెలో కాదు. తడి తువ్వాలు, ఓఆర్‌ఎస్ పొట్లం, కాగితంలో చుట్టిన వంటసోడా. సీటు మీద పడితే తుడిచి సోడా చల్లితే వాసన లాగేస్తుంది. ఆ వాసన ఉన్నంతసేపు పక్కవాళ్ళకీ తిప్పుతుంది.

పాడేరులో మోదకొండమ్మ గుడి దగ్గర ఆగి, బుజ్జిగాడికి పాలు పట్టి, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిలబడ్డాను. అయినా ఘాట్‌లో మూడో మలుపుకి కొంచెం పాలు కక్కాడు. అది వికారం కాదు, నిండు పొట్ట కుదుపు. మొహం పక్కకి తిప్పి తుడిస్తే మళ్ళీ నవ్వు. వాడి సీటు వెనక్కి మొహం పెట్టే రకం. ఆ రోడ్డు మీదా దాన్ని తిప్పలేదు. వాంతి కోసం ముందుకి తిప్పేవాళ్ళున్నారు, ఆ వయసులో మెడకి అది మంచిది కాదు.

చిన్ని మత్తుగానే ఉంది. ఘాట్ సగంలో మా బండి ముందుకి ఓ లారీ వచ్చింది. వెనక దూరం వదిలాడు డ్రైవరు. ఆ ఖాళీలోకి ఇంకో కారు దూరింది, బ్రేకు తప్పలేదు. రెండోసారి అలాగే. చిన్ని కళ్ళు తెరిచి డబ్బా వైపు చేయి చాపింది. డబ్బా అందింది, మూత పడింది. ఏడవలేదు. తిట్టే వాళ్ళు లేరు కదా. వెంటనే గ్లాసుడు నీళ్ళు పట్టించాలని అత్తయ్య గారి ఆత్రం. ఒక్క గుక్క నోరు పుక్కిలించడానికి, పది నిమిషాలాగి చెంచాలతో ఓఆర్‌ఎస్. గ్లాసు పట్టిస్తే అది కూడా తిరిగొస్తుంది.

వడ్డాది దగ్గర మైదానం వచ్చేసింది. చోడవరంలో పెరుగన్నం అడిగి తింది. బండి ఆగాక తగ్గిపోయిందంటే అది ప్రయాణపు వాంతే. ఇంటికొచ్చాకా కొనసాగినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, పిల్ల మగతగా పడి ఉన్నా, ప్రయాణం లేని రోజుల్లో పొద్దున లేస్తూనే తలనొప్పీ వాంతీ ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అప్పుడు నిమ్మాకులూ ఉసిరికాయలూ పట్టుకుని కూర్చోకూడదు.

అనకాపల్లి నుంచి హైవే. అత్తయ్య గారు తుని దగ్గరే తిరుమల మాటెత్తారు. "అక్కడా ఘాట్‌రోడ్డే కదా నాన్నమ్మా, నేను నడిచొస్తా. నడిస్తే కక్కు రాదుగా" అంది చిన్ని. అలిపిరి నుంచి 3550 మెట్లని వాళ్ళ నాన్న లెక్క చెప్పారు. సగం దారిలో దాన్నెవరు ఎత్తుకుంటారో మాత్రం చెప్పలేదు.